వైన్ సైన్స్‌లో ఎంఎస్: డేవిసా, అడిలైడా, మాంట్‌పెలియేనా? చేశాక వైన్‌మేకర్ ఉద్యోగం వస్తుందా?

క్యూసీ_కుర్రాడు

అందరికీ నమస్తే. బీటెక్ బయోటెక్నాలజీ అయింది, ప్రస్తుతం సంగారెడ్డి వైపు ఒక బీరు ఫ్యాక్టరీలో క్యూసీ ల్యాబ్. ఈస్ట్ సెల్ కౌంట్, పీహెచ్, డిసాల్వ్డ్ ఆక్సిజన్, ప్లేటింగ్ రోజూ చేతిలో ఉన్న పనే. వైన్ తయారీ వైపు మారి, విటికల్చర్ అండ్ ఎనాలజీలో (ద్రాక్ష సాగు, వైన్ తయారీ శాస్త్రం) మాస్టర్స్ చేద్దామని ఆలోచన. ఇంట్లో "అదేం చదువురా, మందు చదువు" అంటున్నారు, వాళ్లకి నేను సర్ది చెప్పుకుంటాను. ఇక్కడ తెలిసినవాళ్లని అడగాలనుకున్నవి ఇవీ:

యూసీ డేవిస్ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) మొదట అనుకున్నాను. బయోటెక్ వాళ్లకి ముందుగా ఉండాల్సిన సబ్జెక్టులు ఏమైనా తక్కువవుతాయా? అమెరికా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్‌లలో చదువుకి తేడా ఏమిటి? డబ్ల్యూఎస్ఈటీ (వైన్ రుచి, అమ్మకాల సర్టిఫికెట్) లెవెల్ 3 చేస్తే అప్లికేషన్‌కి బలమా? బీరు ల్యాబ్ అనుభవం ఎంతవరకు పనికొస్తుంది? చివరికి నాసిక్ వచ్చి పని చేయాల్సి వస్తే అక్కడ నేర్చుకున్నది ఇక్కడ సరిపోతుందా?

పీపాల_గది

డబ్ల్యూఎస్ఈటీ సంగతి ముందు తేల్చేద్దాం. అది వైన్‌ని రుచి చూసి వర్ణించడం, అమ్మడం, వడ్డించడం నేర్పే చదువు. హోటల్, దిగుమతి, అమ్మకాల వైపు వెళ్లేవాళ్లకి బంగారం. డిగ్రీ అడ్మిషన్‌లో దానికి పెద్ద విలువ ఉండదు. ఆ డబ్బుతో స్టాటిస్టిక్స్, ప్లాంట్ ఫిజియాలజీ కోర్సులు రెండు పూర్తి చేసుకోండి.

ఎందుకంటే బయోటెక్ వాళ్లకి దెబ్బ పడేది అక్కడే. డేవిస్ ఎంఎస్‌కి కాలిక్యులస్, ఫిజిక్స్, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, ప్లాంట్ ఫిజియాలజీ చదివి ఉండాలని చూస్తారు. మీకు మొదటి ఆరు దాదాపు ఉంటాయి. మన దగ్గర స్టాటిస్టిక్స్ తరచూ మ్యాథ్స్-3 లోపల దాక్కుని ఉంటుంది, ఆర్గానిక్ కెమిస్ట్రీ ఇంజినీరింగ్ కెమిస్ట్రీలో నాలుగు చాప్టర్లుగా ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లో "మ్యాథమెటిక్స్-3" అని మాత్రమే కనిపిస్తే చదివేవాడికి ఏమీ అర్థం కాదు. యూనివర్సిటీ నుంచి సిలబస్ కాపీలు స్టాంపు వేయించుకుని పెట్టుకోండి, ఏ పేపర్లో ఏ అంశం ఎన్ని గంటలు చెప్పారో ఒక పేజీలో పట్టిక రాసి జత చేయండి. తక్కువైన సబ్జెక్టులు చేరాక పూర్తి చేయవచ్చు, కానీ అవి డిగ్రీ యూనిట్లలో కలవవు. అంటే ఒక క్వార్టరో రెండో పొడిగింపు, ఆ మేరకు ఫీజు. యూసీలో బయటి విద్యార్థులకు మామూలు ఫీజు మీద నాన్-రెసిడెంట్ ట్యూషన్ ఏడాదికి 15,102 డాలర్లుగా చాలా ఏళ్లు నడిచింది, ఇప్పటి అంకె అప్లై చేసేటప్పుడు చూసుకోండి. అమెరికన్ విద్యార్థి ఏడాది గడిచాక కాలిఫోర్నియా రెసిడెంట్ అయి ఆ భారం దింపుకుంటాడు, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి ఆ దారి లేదు. టీఏ (టీచింగ్ అసిస్టెంట్‌షిప్) గానీ రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ గానీ దొరికితేనే లెక్క కుదురుతుంది.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. డేవిస్ ఎంఎస్ మూలాన రీసెర్చ్ డిగ్రీ. ప్లాన్-1 అయితే థీసిస్, ప్లాన్-2 అయితే సమగ్ర పరీక్ష. వైన్‌మేకర్ అవ్వాలనుకునేవాళ్లు కూడా టానిన్ల పాలిమరైజేషన్ గురించో, ద్రాక్ష తీగకి వచ్చే ఎర్ర మచ్చ (రెడ్ బ్లాచ్) వైరస్ గురించో రెండేళ్లు కూర్చుని డేటా తీయాల్సి ఉంటుంది. అది ఇష్టం లేకపోతే అక్కడికి వెళ్లి విసుక్కోకండి. 'నాకు వైన్ అంటే ప్యాషన్' అని స్టేట్‌మెంట్ మొదలుపెట్టినవాళ్లు వందల్లో ఉంటారు. "ఫలానా ప్రొఫెసర్ ల్యాబ్‌లో స్టక్ ఫర్మెంటేషన్ (మధ్యలో ఆగిపోయే పులియడం) మీద పని జరుగుతోంది, నాకు ఈస్ట్ వయబిలిటీ కొలిచే అనుభవం ఉంది" అని రాసినవాడిని వాళ్లు ఆగి చదువుతారు. అప్లికేషన్‌కి ముందు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆ ప్రొఫెసర్లకు ఒక చిన్న ఈమెయిల్ రాయండి. కోత సీజన్ కాబట్టి జవాబు ఆలస్యంగా వస్తుంది, కంగారు పడొద్దు.

చేతులు తడవాలనుకుంటే ఫ్రెస్నో స్టేట్ చూడండి. 1997లో క్యాంపస్‌లో లైసెన్సు ఉన్న వాణిజ్య వైనరీ పెట్టిన మొదటి అమెరికన్ యూనివర్సిటీ అది, విద్యార్థులు చేసిన వైన్ సీసాల్లో అమ్ముడవుతుంది. డేవిస్‌లోనూ 2010లో తెరిచిన బోధన వైనరీ ఉంది, 200 లీటర్ల ఫర్మెంటర్లలో ఒకే రసాన్ని రెండు ఈస్ట్‌లతో నడిపి తేడా కొలవడానికి అద్భుతం. కానీ అక్కడ చేసే వైన్ ముఖ్యంగా ప్రయోగం కోసం.

దక్షిణ_కోత

పై జవాబుకి కొనసాగింపు. అడిలైడ్‌లో వెయిట్ క్యాంపస్‌లోని మాస్టర్స్ రెండేళ్ల కోర్స్‌వర్క్ డిగ్రీ. వేరే సైన్స్ డిగ్రీ నుంచి వచ్చేవాళ్లకోసమే రూపొందించినట్టు ఉంటుంది. తోట, ఫర్మెంటేషన్, వైన్ కెమిస్ట్రీ, సెన్సరీ అన్నీ కిందినుంచి చెప్తారు. ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కూడా అదే ఆవరణలో ఉంటుంది. అక్కడ కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్. న్యూజిలాండ్‌లో లింకన్ యూనివర్సిటీలోనూ ఇలాంటి మాస్టర్స్ ఉంది.

ఫ్రాన్స్‌లో రెండు వేర్వేరు దారులున్నాయి, కలిపేసుకోవద్దు. వినిఫెరా యూరోమాస్టర్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, మొదటి ఏడాది మాంట్‌పెలియేలో, రెండో ఏడాది యూరప్‌లోని వేరే భాగస్వామి యూనివర్సిటీలో. రెండోది డిప్లోమ్ నాసియోనాల్ డెనోలోగ్. 1955 చట్టం ప్రకారం ఫ్రాన్స్‌లో "ఎనోలోగ్" అన్న పేరు పెట్టుకోవాలంటే ఇది తప్పనిసరి, చదువు మొత్తం ఫ్రెంచిలో. బోర్డో షాతోలో (వైన్ ఎస్టేట్‌లో) వైన్‌మేకర్‌గా పేరు వేయించుకోవాలంటే ఇంగ్లిష్ మాస్టర్స్ మాత్రమే ఉన్నవాడు ఫ్రెంచి నేర్చుకోకుండా నెట్టుకురాలేడు. బి2 స్థాయి లేకుండా అటు దృష్టి పెట్టొద్దు.

అసలు ఈ రంగంలో రెజ్యూమెలో మొదట చూసేది ఎన్ని కోతలు చేశావు అని. డిగ్రీ రెండో వరుసలో ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో ఆగస్టు నుంచి నవంబరు మొదటి వారం, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, కాబట్టి ఏడాదికి రెండు కోతలు చేయవచ్చు. కాలిఫోర్నియాలోని నాపా, సోనోమా వైనరీలు కోత ఇంటర్న్‌ల కోసం జనవరి నుంచి ఏప్రిల్ లోపు మనుషుల్ని తీసేసుకుంటాయి. జూన్‌లో అప్లై చేస్తే మిగిలేది రాత్రి షిఫ్టులూ, పీపాలు కడగడమూ. అలాగే దక్షిణ కోత ఉద్యోగాలకు జూలై నుంచి సెప్టెంబరు మధ్య రెజ్యూమె పంపాలి. ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్సు ఉందా అన్న ప్రశ్న ఫోన్ ఇంటర్వ్యూలో తప్పకుండా వస్తుంది, లేకపోతే చేరాక శిక్షణకి సిద్ధమని చెప్పండి.

ఐ20_లెక్కలు

ఉత్తరం, దక్షిణం అని పై వారు చెప్పిన ఆలోచన బాగుంది, అమెరికా ఓపీటీ (చదువయ్యాక పని చేసుకునే అనుమతి) మీద ఉన్నవాళ్లకి మాత్రం అది ఉచ్చు. చెప్తాను.

ఓపీటీలో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు మొత్తం కలిపి 90 దాటకూడదు. ఉద్యోగం లేకుండా దేశం బయట గడిపినా ఆ రోజులు ఆ లెక్కలోకే వస్తాయి. కోత ఉద్యోగం నవంబరు మొదటి వారంలో ముగిసింది అనుకోండి. అక్కడినుంచి లెక్క మొదలు, ఫిబ్రవరి మొదట్లో 90 నిండిపోతుంది. ఓపీటీ నడుస్తుండగా ఆస్ట్రేలియా వెళ్లి కోత చేస్తే, తిరిగి వచ్చేసరికి స్టేటస్ పోయి ఉంటుంది. కాబట్టి దక్షిణ కోత చదువుకి ముందే చేయండి.

డేవిస్‌లో స్ప్రింగ్ క్వార్టర్ జూన్ మధ్యలో ముగుస్తుంది. ఓపీటీ మొదలయ్యే తేదీని ప్రోగ్రామ్ ముగిశాక 60 రోజుల లోపు మీరే ఎంచుకోవచ్చు. జూన్ 16 అని రాసి జూలై అంతా ఖాళీగా కూర్చుని నెలరోజులు పోగొట్టుకుంటారు కొందరు. కోత ఉద్యోగం ఆగస్టు 5న మొదలైతే ఓపీటీ తేదీ ఆగస్టు 1 పెట్టండి. దరఖాస్తు మాత్రం ప్రోగ్రామ్ ముగియడానికి 90 రోజుల ముందునుంచే పెట్టొచ్చు, కార్డు రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. వారానికి 20 గంటలు తగ్గని పని అయి ఉండాలి, చదివిన విషయానికి సంబంధం ఉండాలి. టేస్టింగ్ రూమ్‌లో గ్లాసులు నింపే పని ఆ సంబంధం చూపడానికి కష్టం.

ఓపీటీకి 24 నెలల స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ చదువుల) పొడిగింపు వస్తుందా రాదా అన్నది డిగ్రీ పేరు బట్టి ఉండదు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం) మీద ముద్రించిన సీఐపీ కోడ్ (చదువు విభాగం సంఖ్య) స్టెమ్ జాబితాలో ఉందా లేదా అన్నదే. ఒకే విభాగం రెండు డిగ్రీలకు రెండు కోడ్‌లు వేయొచ్చు. అడ్మిషన్ తీసుకునేముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి "మీ ఎంఎస్‌కి ఐ-20 మీద ఏ కోడ్ వేస్తారు" అని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. హెచ్-1బీ విషయంలో సెల్లార్ పని సరిపోదు. డిగ్రీ తప్పనిసరైన ఎనాలజిస్ట్, అసిస్టెంట్ వైన్‌మేకర్ లాంటి పోస్టుకే ప్రయత్నం చేస్తారు, చిన్న వైనరీలు ఆ ఖర్చుకి భయపడతాయి. చదువుకి ముందే ఒక అమెరికా కోత చూడాలనుకుంటే జే-1 ట్రెయినీ (శిక్షణ వీసా) దారి ఉంది. డిగ్రీతో పాటు కనీసం ఏడాది సంబంధిత అనుభవం అడుగుతారు, మీ క్యూసీ అనుభవం అందుకు వాదించవచ్చు.

బ్రిక్స్_24

బీరు ల్యాబ్ అనుభవం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా.

మీ చేతి పని నూటికి ఎనభై పనికొస్తుంది. మారాల్సింది ఆలోచన. బీరులో వర్ట్‌ని మరిగించి క్రిములు చంపేస్తారు, ముందు బ్యాచ్ ఈస్ట్‌నే మళ్లీ వేస్తారు, ఏడాది పొడవునా తయారీ. ద్రాక్ష రసాన్ని మరిగించరు. తొక్క మీద ఉన్న అడవి ఈస్ట్, బ్యాక్టీరియా అన్నీ ట్యాంకులోకి వస్తాయి. వాటిని అదుపులో పెట్టేది ఆమ్లం, సల్ఫర్ డయాక్సైడ్. అందుకే వైన్ ల్యాబ్‌లో మొదటి ప్రశ్న ఎప్పుడూ పీహెచ్ ఎంత అని.

సల్ఫర్ డయాక్సైడ్‌లో (ల్యాబ్‌లో క్లుప్తంగా సల్ఫర్ అంటారు) క్రిములను ఆపేది మాలిక్యులర్ రూపం మాత్రమే, దాని వాటా పీహెచ్ పెరిగేకొద్దీ కుప్పకూలుతుంది. మాలిక్యులర్ 0.8 మి.గ్రా./లీ. కావాలంటే పీహెచ్ 3.2 దగ్గర ఫ్రీ సల్ఫర్ (వేరే పదార్థాలతో కట్టుబడకుండా ఉన్నది) 20 మి.గ్రా./లీ. చాలు, 3.5 దగ్గర 40 కావాలి, 3.8 దగ్గర 79. పీహెచ్ 4.0 అయితే 125 దాకా పోతుంది, అంత వేస్తే తాగేవాడి ముక్కు మండుతుంది. ఈ నాలుగు అంకెలూ ఇంటర్వ్యూకి బట్టీ పట్టండి, లేదా పీకేఏ 1.81 గుర్తుపెట్టుకుని అక్కడే లెక్క కట్టండి.

వేసే లెక్క ఇలా. పొటాషియం మెటాబైసల్ఫైట్‌లో సల్ఫర్ డయాక్సైడ్ 57.6 శాతం. వెయ్యి లీటర్ల వైన్‌కి 30 మి.గ్రా./లీ. కలపాలంటే 30 గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్, అంటే 30ని 0.576తో భాగిస్తే 52 గ్రాముల పొడి. నీళ్లలో కరిగించి, ట్యాంకు తిప్పుతూ పోయాలి. మూత తీసి పైన చల్లితే పైపొర ఒక్కటే తీసుకుంటుంది. కొంత భాగం ఎసిటాల్డిహైడ్‌తో, చక్కెరతో, రంగు పదార్థాలతో కట్టుబడిపోతుంది కాబట్టి ఫ్రీ సల్ఫర్ 30 పెరగదు. మర్నాడు మళ్లీ కొలవాలి. తెరిచిన సంచిలో ఏడాదిగా పడున్న పొడి అయితే బలం తగ్గి ఉంటుంది, లెక్క తప్పేది అక్కడ కూడా. కొలిచే పద్ధతిలో రిప్పర్ టైట్రేషన్ ఎర్ర వైన్‌కి రంగు వల్ల ఎండ్ పాయింట్ కనపడక ఎక్కువ చూపిస్తుంది, ఎయిరేషన్-ఆక్సిడేషన్ సెట్టు మీద చేయి తిరిగి ఉండాలి.

ఆమ్లం టైట్రేషన్ మీకు కొత్తేం కాదు. 5 మి.లీ. వైన్, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్, పీహెచ్ 8.2 దాకా. వచ్చిన మి.లీ.ని 1.5తో గుణిస్తే టార్టారిక్ లెక్కన గ్రా./లీ. 4.2 మి.లీ. ఖర్చయితే 6.3. పులుస్తున్న వైన్‌లో కార్బన్ డయాక్సైడ్ తీసేయకుండా టైట్రేట్ చేస్తే ఆమ్లం ఎక్కువగా వస్తుంది. మొదట ఊపి, వాక్యూమ్‌లో పెట్టి గ్యాసు వదిలించండి. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని బలహీనమవుతుంది, వారానికోసారి కేహెచ్‌పీతో స్టాండర్డైజ్ చేయని ల్యాబ్ అంకెలు నమ్మొద్దు.

ఈస్ట్ విషయంలో బీరు వాళ్లకి చేతివాటం ఒకటుంటుంది, జాడీ నుంచి నేరుగా పోసేయడం. వైన్‌లో పొడి ఈస్ట్ ఎక్కువ. వంద లీటర్లకి 25 గ్రాములు, రెండువేల లీటర్లకి 500 గ్రాములు. క్లోరిన్ లేని నీళ్లు 5 లీటర్లు 37-40 డిగ్రీల సెల్సియస్‌లో తీసుకుని పైన చల్లి, 15-20 నిమిషాలు ఆగాలి. ఆ నీళ్లలో డీఏపీ (డైఅమ్మోనియం ఫాస్ఫేట్, ఈస్ట్‌కి నత్రజని ఇచ్చే పొడి) కలిపితే కణాలు దెబ్బతింటాయి, ఇది చాలామంది చేసే తప్పు. 20 నిమిషాలయ్యాక ట్యాంకు రసం కొద్దికొద్దిగా కలుపుతూ వేడి దించాలి. కల్చర్‌కీ ట్యాంకుకీ తేడా 10 డిగ్రీల కన్నా ఎక్కువుంటే ఈస్ట్‌కి చలి దెబ్బ, తర్వాత నెమ్మదించి ఆగిపోయే ఫర్మెంటేషన్‌లలో సగం అక్కడే పుడతాయి. అరగంట దాటనివ్వొద్దు, ఆకలికి చచ్చిపోతాయి.

నత్రజని తగ్గితే ఈస్ట్ హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన పుట్టిస్తుంది, కుళ్లిన గుడ్డు కంపు. ఈస్ట్ వాడుకోగల నత్రజని కనీసం 150 మి.గ్రా./లీ. ఉండాలి, చక్కెర ఎక్కువున్న రసానికి 250 దాకా. 100 మి.గ్రా. డీఏపీ సుమారు 21 మి.గ్రా. నత్రజని ఇస్తుంది. అమెరికాలో డీఏపీ పరిమితి 960 మి.గ్రా./లీ. బ్రిక్స్ (రసంలో చక్కెర శాతం) మూడో వంతు తగ్గేలోపు వేసేయాలి, సగం దాటాక ఆల్కహాల్ వల్ల ఈస్ట్ అమ్మోనియం తీసుకోలేదు. అప్పుడు వేసింది చెడ్డ బ్యాక్టీరియాకి భోజనం. ఎగిసిపడుతున్న ట్యాంకులో పొడిని అలాగే విసిరితే నురగ మూతని తోసుకుని నేలమీదికి వచ్చేస్తుంది. కరిగించి పోయండి.

ఇక ప్రాణాల సంగతి. 24 బ్రిక్స్ రసం ఒక లీటరు పులిస్తే సుమారు 60 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రెండువేల లీటర్ల ట్యాంకు అంటే లక్షా ఇరవై వేల లీటర్ల గ్యాసు, గాలికన్నా బరువు, కిందికి దిగి ట్యాంకు అడుగున, గుంటల్లో నిలుస్తుంది. పిప్పి తీయడానికి ట్యాంకులోకి దిగేముందు ఆక్సిజన్ మీటర్ 19.5 శాతం పైన చూపాలి, బయట ఒకరు నిలబడాలి. లోపల పడిపోయినవాణ్ణి లాగడానికి తొందరపడి దిగినవాడే రెండో శవం అవుతాడు. ఏ వైనరీ అయినా మొదటిరోజు ఈ శిక్షణ ఇవ్వకుండా ట్యాంకు కడగమంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

అనాబ్_షాహీ

నాసిక్ గురించి అడిగారు. చదివినది సరిపోతుంది, కానీ పుస్తకంలోని క్యాలెండర్ పనికిరాదు. చలిదేశాల్లో తీగ శీతాకాలం నిద్రపోతుంది. మనకి నిద్ర ఉండదు కాబట్టి రెండు కత్తిరింపులు: ఏప్రిల్-మేలో పునాది కత్తిరింపు, సెప్టెంబరు-అక్టోబరులో పంట కత్తిరింపు. కోత జనవరి నుంచి మార్చి. డేవిస్‌లో నేర్పే వింక్లర్ ఉష్ణోగ్రత సూచీ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 10 డిగ్రీల పైన ఉన్న వేడిని కూడుతుంది. దాన్ని అలాగే నాసిక్‌కి తగిలిస్తే వచ్చేది అర్థం లేని అంకె, ఆ నెలల్లో మన తీగ మీద పండే ఉండదు.

సీజన్ చివర్లో ఎండ ముదిరేకొద్దీ గుత్తిలో మాలిక్ ఆమ్లం కరిగిపోయి, పీహెచ్ 3.8 దగ్గరికి చేరడం మామూలు. పైన బ్రిక్స్_24 గారు చెప్పిన సల్ఫర్ లెక్క అప్పుడు ఎంత బరువో చూడండి. అందుకే టార్టారిక్ ఆమ్లం కలపడం ఇక్కడ ప్రతి బ్యాచ్‌లో చేసే పని. లీటరుకి ఒక గ్రాము కలిపితే పీహెచ్ సుమారు 0.1 తగ్గుతుంది. పొటాషియం ఎక్కువున్న రసంలో టార్టరేట్ గడ్డకట్టి కింద పడుతుంది కాబట్టి ముందు బెంచ్ ట్రయల్ చేయండి. 100 మి.లీ. చొప్పున ఐదు సీసాలు తీసుకుని 0, 0.5, 1, 1.5, 2 గ్రా./లీ. కలిపి, మర్నాడు పీహెచ్ చూసి అప్పుడే ట్యాంకులో పోయడం. రసం దశలోనే కలపాలి, పులిసిన తర్వాత కలిపితే రుచి విడిగా పొడుచుకుని ఉంటుంది.

తెలుగువాళ్లకి ద్రాక్ష అనగానే హైదరాబాద్ చుట్టుపక్కల పండిన అనాబ్-ఎ-షాహీ గుర్తొస్తుంది. పెద్ద పండు, పలచని రుచి, 15 బ్రిక్స్ దగ్గరే ఆగుతుంది. బ్రిక్స్‌ని 0.57తో గుణిస్తే ఆల్కహాల్ ఎనిమిదిన్నర శాతం, రంగూ టానినూ ఉండవు. వైన్‌కి పనికొచ్చే రకాలు నాసిక్, సోలాపూర్ జిల్లా అక్లూజ్, బెంగళూరు దగ్గర నంది హిల్స్ వైపే ఎక్కువ. 1999లో సులా వైన్ కంపెనీ మొదలైన తర్వాతే నాసిక్‌లో ఈ వ్యాపారం నిలదొక్కుకుంది, కాబట్టి పాతికేళ్ల అనుభవం ఉన్న మనుషులే ఇక్కడి పెద్దలు. డిగ్రీ చేయకముందే జనవరిలో సెలవు పెట్టి అక్కడ కోత పనికి వెళ్లి చూడండి. అమెరికా ప్రొఫెసర్‌కి రాసే ఈమెయిల్‌లో "మూడు నెలలు ట్యాంకులు కడిగాను" అన్న వాక్యం బలంగా నిలబడుతుంది.

క్యూసీ_కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. ఒక చివరి సందేహం. ముందు డేవిస్ ఆన్‌లైన్ వైన్‌మేకింగ్ సర్టిఫికెట్ చేసి, అది చూపి ఎంఎస్‌కి అప్లై చేస్తే?

పీపాల_గది

సర్టిఫికెట్ చాలా మంచిది, కాకపోతే అది డిగ్రీకి బదులు కాదు, ముందు ఉండాల్సిన సబ్జెక్టుల కింద లెక్కకట్టరు కూడా. పని చేస్తూ చదువుకునేవాళ్లకి అది. మీరు ఎంఎస్‌కి వెళ్తామని నిశ్చయించుకుంటే ఆ ఏడాదిన్నర ప్లాంట్ ఫిజియాలజీకి, ఒక నాసిక్ కోతకి పెట్టండి. దరఖాస్తు గడువు డిసెంబరు-జనవరిల్లో ఉంటుంది, ఈ ఏడాది సిలబస్ కాపీల పని ముందు తేల్చుకోండి, యూనివర్సిటీ ఆఫీసులో స్టాంపు వేయించుకోవడానికి ఎన్ని వారాలు పడుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.